మడత లోపలి పేజీలు

నన్నెవరైనా ఆదర్శం అంటే నాకు ఒళ్ళు మండుతుంది. తిరువళ్ళూరులో నేను చదివిన బడి నుంచి ఏటా ఒకసారి ఫోను వస్తుంది. రోబోటిక్స్‌కు కొత్త జట్టు తయారైంది, వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పిపొమ్మంటారు మా సైన్సు సారు. వెళ్తాను. ల్యాబులో అద్దాల బీరువా ఉంది, అందులో మా జట్టు గెలిచిన షీల్డు ఉంది. ‘ఆదర్శ జట్టు’ అని తమిళంలోనూ ఇంగ్లీషులోనూ చెక్కి ఉంటుంది దానిమీద. నన్ను దాని పక్కన నిలబెట్టి ఫోటో తీస్తారు. పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. చెప్పాల్సిన ఒక్క సంగతి తప్ప మిగిలినవన్నీ చెప్పి రైలెక్కి వచ్చేస్తాను. ఈ ఏడు ఫోను ఇంకా రాలేదు. వచ్చేలోపు ఆ ఒక్క సంగతీ రాసిపెట్టుకోవాలని కూర్చున్నాను.

మాది నేతపని ఇల్లు. నేను ఆరో తరగతికి వచ్చేదాకా తిరుత్తణి దగ్గర మా ఊళ్ళో మా ఇంట్లో రెండు మగ్గాలు ఆడేవి. తర్వాత నాయన కంపెనీ పనిలో చేరి కాపురం తిరువళ్ళూరుకు మార్చాడు. మగ్గం పోయింది గానీ మగ్గం బుద్ధులు ఎక్కడికి పోతాయి? మగ్గం మీంచి చీర కోసి షావుకారుకు ఇచ్చే ముందు మడతపెట్టే పని మా అవ్వది. ఎంత పనిమంతుడు నేసినా ఎక్కడో ఒకచోట పోగు తెగి సన్నటి గీత పడుతుంది. అవ్వ ఆ చోటును వేలితో తడిమి పట్టుకుని, అది ఏ మడతలో లోపలికి పోతుందో చూసుకుని మరీ మడిచేది. షావుకారు పైమడత చూసి, అంచు చూసి, కట్టలో వేసుకునేవాడు. “ఆయప్పకూ తెలుసు, మనకూ తెలుసు,” అనేది అవ్వ. ఇద్దరికీ తెలిసిందే కాబట్టి అందులో మోసం లేదని ఆమె నమ్మకం. కట్టుకునే మనిషికి తెలియదన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాకు అసలే తట్టలేదు.

ప్లస్ వన్‌లో, అంటే పదకొండో తరగతిలో ఉండగా నలుగురం కలిసి రోబో కట్టాం. దాన్ని మేం బండి అనేవాళ్ళం. నల్లగీత వెంట నడిచి, చివరనున్న చెక్కదిమ్మను చెయ్యి చాచి ఎత్తి, గూట్లో పెట్టాలి. పోటీలో పని అంతే. చెప్పడానికి సులువే. మా బండి గీత మీద పెళ్ళికూతురిలా నడిచేది, దిమ్మ ఎత్తగానే ముందుకు తూలి మూతి నేలకు కొట్టుకునేది. పడినప్పుడల్లా నోటుబుక్కులో ఒక గీత గీసి, ఏం మార్చామో పక్కన రాసేవాళ్ళం. పోటీ నియమాల్లో అదీ ఒకటి. ఏ రోజు ఏం చేశారు, ఏది చెడింది, ఎందుకు చెడింది, అన్నీ ఆ నోటుబుక్కులో ఉండాలి. జడ్జీలు బండితో పాటు దాన్నీ చూస్తారు.

నలభై ఒక్కసారి పడింది. ఒకసారి బల్ల మీంచి పడి చక్రం విరిగింది. నాకు ముక్కు మీద కోపం, స్క్రూడ్రైవరు గోడకేసి కొట్టాను. రెండు రోజులు నలుగురం మాట్లాడుకోలేదు. బ్యాటరీని ముందునుంచి వెనక్కి, అర వేలి మందం చొప్పున జరుపుతూ, జరిపిన ప్రతిసారీ కొలత రాసుకుంటూ పోయాం. నలభై రెండోసారి దిమ్మ ఎత్తి, ఒక్కసారి ఊగి, నిలబడింది. మేం అరిచిన అరుపుకు పక్క క్లాసు టీచరు వచ్చి తిట్టిపోయింది.

నోటుబుక్కు మాత్రం చూడబుద్ధి కాకుండా ఉంది. కొట్టివేతలు, ఒకరినొకరు తిట్టుకున్న రాతలు, పేజీ నిండా పడిన గీతలు. కొంచెం నీటుగా ఉంటే బాగుండునని సారు ఒక మాట అన్నారు. ఆయన అన్నది అంతే, మిగిలిన బుద్ధి నాది. ఆ పేజీలన్నీ చించేసి నాలుగు రోజుల్లో కొత్తగా రాశాను. ఒకే రోజు రాసినట్టు కనపడకూడదని నాలుగు పెన్నులు మార్చాను. పాతదనం రావాలని ఒక పేజీ మీద టీ చుక్క వేశాను. బ్యాటరీ వెనక ఉండాలని మొదటే లెక్కగట్టి పెట్టినట్టు రాసి, అందుకు ఒక లెక్క కూడా కల్పించాను. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు మిగతా ముగ్గురూ తలా ఒక పేజీ రాశారు. పోటీలో జడ్జి పేజీలు తిప్పి, ఇంత శుభ్రమైన నోటుబుక్కు తాను చూడలేదని మెచ్చుకున్నాడు. చించిన కాగితాలు పారేయడానికి ఎందుకో చేతులు రాలేదు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి నా పెట్టెలో అడుగున పెట్టాను. పైన పటారం, లోన లొటారం.

అంతటితో ఆగి ఉంటే అది మా నలుగురి కథగా ఉండిపోయేది. మరుసటి ఏడు ఆదర్శ జట్టు బహుమతి కోసం ఆశపడ్డాం. ఇంకో కొత్త జట్టును చెయ్యిపట్టుకుని నడిపించిన వాళ్ళకు ఇస్తారు దాన్ని. సారు తిరుత్తణిలో ఒక ఆడపిల్లల బడిని చూశారు. శనివారం శనివారం రైలెక్కేవాళ్ళం. కడంబత్తూరు దాటేసరికి తెచ్చుకున్న పులిహోర అయిపోయేది, అక్కడినుంచి తిరుత్తణి దాకా పిల్లలకు ఏం చెప్పాలో గొప్పగా మాట్లాడుకునేవాళ్ళం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా?

ఆ జట్టులో ఐదుగురు అమ్మాయిలు. వాళ్ళ నాయకురాలు పదో తరగతి, బక్కపలచటి పిల్ల, మాలాగే నేతవాళ్ళ ఇంటిది. మొదటిరోజు తెగిన కరెంటు తీగను బొటనవేలూ చూపుడువేలూ చేర్చి పోగు ముడివేసినట్టు ముడేసింది. నేను నవ్వి, తీగలు అట్లా అతకరని చూపించాను. ఒక్కసారి చూపిస్తే చాలు, మళ్ళీ అడిగేది కాదు. తమిళంలో ముత్యాల్లాంటి అక్షరాలతో అన్నీ రాసుకునేది. మాతో తెలుగే మాట్లాడేది గానీ తెలుగు చదవడం రాదు.

ఒక శనివారం మమ్మల్ని రైలెక్కించడానికి స్టేషను దాకా వచ్చి, బెంచీ మీద నా పక్కన కూర్చుని తన సంగతి చెప్పింది. పదో తరగతి అయ్యాక కామర్స్ చాలు, తర్వాత ఏదైనా కొట్లో పని దొరుకుతుందని వాళ్ళ నాయన మాట. ఈ పిల్లకు కంప్యూటర్ గ్రూపు కావాలి. రోజూ ఇదే గొడవట. చివరికి ఆయన, పోటీలో మీ బండి నడిస్తే అప్పుడు చూస్తామన్నాడట. ఆ పిల్లకు ఆ బండి మీద ఏం ఆధారపడి ఉందో నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

తమిళంలో ఉన్న మా నోటుబుక్కు తీసుకుని ఆ పిల్ల వారం వారం చదివేది. వాళ్ళ బండి కూడా దిమ్మ ఎత్తగానే మూతి మీద పడుతోంది. మా పుస్తకంలో ఉన్న కొలత స్కేలు పెట్టి కొలిచి, బ్యాటరీని సరిగ్గా అక్కడే బిగించారు. అయినా పడింది. పడుతుంది మరి, వాళ్ళ బండి చెయ్యి మాదానికంటే పొడుగు. బ్యాటరీ ఇంకా వెనక్కి పోవాలి. ఎలా జరుపుతూ పోవాలో, ఎక్కడ ఆగాలో నా పెట్టెలో ఉన్న కాగితాల్లో ఉంది. పుస్తకంలో ఉన్నది జవాబు ఒక్కటే.

“ఇది ఎట్లా లెక్కేసినారక్కా?” అని అడిగింది, నేను కల్పించిన లెక్క మీద వేలు పెట్టి.

జరిపి జరిపి చూడండి, మేం అట్లాగే చేశాం, లెక్కా గిక్కా ఏమీ లేదు. ఇంత చెబితే సరిపోయేది. చెబితే పుస్తకం అబద్ధమని చెప్పాలి. అది ఫిజిక్సు, ప్లస్ వన్‌లో వస్తుందిలే అన్నాను. ఆ పిల్ల తల ఊపింది. తనకు ఇంకా రాని చదువేదో మాకు వచ్చని అనుకుంది పాపం.

“మీది ఎన్ని తడవలు పడిందక్కా?”

“రెండు మూడు తడవలు పడుంటుంది,” అన్నాను.

తర్వాత వాళ్ళ నోటుబుక్కు తెచ్చి చూపించింది. పడినప్పుడల్లా ఒక గీత, నాలుగు గీతల మీద అడ్డంగా ఐదోది. మా చించిన పేజీలు ఎట్లా ఉండేవో అట్లాగే ఉంది ఆ పేజీ. దాన్ని చూడగానే నాకెందుకో చిరాకు పుట్టింది. గీతలు లెక్కపెట్టనైనా లేదు. ఇవన్నీ జడ్జీలు చూస్తే బాగుండదు, చించేసి నీటుగా రాసుకోండని చెప్పాను. ఆ పిల్ల మా పుస్తకం అట్ట మీద అరచేయి పెట్టి, చీరను తడిమినట్టు మెల్లగా తడిమింది. తర్వాత నవ్వుతూ అడిగింది.

“దీంట్లో మడత యాడుందక్కా?”

నేతవాళ్ళ పిల్ల కదా, తనకు తెలుసు. ఆ నవ్వులో అనుమానం లేదు, ఒకే ఇంటివాళ్ళు చాటుగా పంచుకునే చనువు ఉంది. ఉంది అని నేనొక్క మాట అంటే ఇద్దరం పగలబడి నవ్వుకునేవాళ్ళం.

“మడతేమీ లేదు,” అన్నాను.

నా ఎదురుగానే ఆ గీతల పేజీని జాగ్రత్తగా, కుట్టు చెడకుండా చించింది.

రెండు వారాలకు బడి పేరున ఉత్తరం వచ్చింది, తమిళంలో, అవే ముత్యాల అక్షరాలు. మీ మాదిరి చేయడం మాకు చేతకాలేదు, పోటీకి రావడం లేదు, మీ శనివారాలు వృథా చేసినందుకు మన్నించండి అని ఉంది. మమ్మల్ని మన్నించమని వాళ్ళు అడిగారు. నేను దాన్ని చదివి సారుకు ఇచ్చేశాను. పరవాలేదు, నేర్పుతున్నప్పటి ఫోటోలు ఉన్నాయి కదా అన్నారాయన. బహుమతి దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది, మీ సాయం పొందిన జట్టులో ఏ మార్పు వచ్చిందని. ‘గొప్ప స్ఫూర్తి పొందింది’ అని నా చేత్తో నేనే రాశాను. షీల్డు మాకే వచ్చింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

ఆ జూన్‌లో ఆ పిల్ల కామర్స్‌లో చేరిందని తెలిసింది. వెళ్ళి చూడలేదు. పైగా, వాళ్ళకు పట్టుదల లేదు, మధ్యలో వదిలేశారు అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఒక ఏడాది పాటు చెప్పుకు తిరిగాను. నా తప్పు నాకు కనపడకుండా ఉండాలంటే ఎవరో ఒకరు పనికిరానివాళ్ళు కావాలి కదా.

ఇప్పుడు శ్రీపెరుంబుదూరు వైపు ఒక కంపెనీలో పని నాకు. కార్లు బిగించే యంత్రాల చేతులు సరిగా తిరుగుతున్నాయో లేదో చూడాలి. అవి తప్పిన ప్రతిసారీ రాసిపెట్టాలి, ఒక్కటి దాచినా ఉద్యోగం ఉండదు. మొదటి రోజు ఆ నియమం చదివి వినిపిస్తుంటే సిగ్గుతో తలెత్తలేకపోయాను. అయినా తిరుత్తణికి పోవడానికి కాళ్ళు రాలేదు.

పోయిన నెల మా మేనత్తకు నూలు చీర పెట్టాలని అమ్మ పట్టుబట్టి తిరుత్తణి బజారుకు తీసుకుపోయింది. కొట్లో చీరలు చూపించే అమ్మాయి నన్ను చూసి, “అక్కా, బాగుండారా?” అంది. కాస్త ఒళ్ళు చేసింది. ఆ వేళ్ళు చూసి గుర్తుపట్టాను. అమ్మ ఒక పసుపుపచ్చ చీర ఏరుకుంది. ఆ అమ్మాయి దాన్ని బిల్లుకు పంపకుండా బల్ల మీద కొసదాకా విప్పింది, వేలితో తడుముకుంటూ వచ్చి ఒకచోట ఆగింది.

“ఈడ వొక పోగు తెగిపోయుండాదమ్మా. చూసి తీసుకోండి.”

అమ్మ ఆశ్చర్యపోయింది. కొట్లో ఇట్లా చూపించేవాళ్ళు ఎవరమ్మా అని నవ్వి, వేరేది చూస్తానని పక్క అర వైపు తిరిగింది. ఆ అమ్మాయి చీర మడవడం మొదలుపెట్టింది. ఆ తెగిన చోటు పైమడతలోకి, అందరికీ కనపడేట్టుగా వచ్చింది. ఇక నావల్ల కాలేదు.

“ఆ పొద్దు నీకు అబద్ధం చెప్పినాను,” అన్నాను. “మా బండి నలభయ్యొక్క తడవలు పడింది. ఆ కాయితాలు చించి దాచిపెట్టినాను. ఆ లెక్క కూడా నేను అల్లిందే.”

కోప్పడుతుందని చూశాను. తిట్టినా బాగుండేది. చీరను అరచేత్తో రెండుసార్లు చదును చేసింది. తల ఎత్తలేదు.

“మాది ఇరవయ్యారక్కా,” అంది. “ఇరవయ్యారుకే మాకు చేతకాదనుకొని నిలిపేసినాం.”

అంతలో అమ్మ పిలిచింది. వస్తున్నానమ్మా అని ఆ అమ్మాయి ఆ చీర పక్కన పెట్టి, ఇంకో చీర తీసి చూపించడానికి వెళ్ళింది.