బిగించని నట్టు

నా చిన్నప్పుడు కాడుగోడిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మా చిన్నమామ ఒక పాత చిన్నకారును పూర్తిగా విప్పి, ఏడు నెలలు కష్టపడి మళ్ళీ కట్టాడు. ఆయన అమ్మకు తమ్ముడు. వేరేవాళ్ళ గ్యారేజీలో పని మానేసి, సొంతంగా నిలబడాలని వచ్చాడు. గుజరీ అంగడిలో పాత ఇనుము సామాన్ల మధ్య ఆయనకొక టర్బో దొరికింది. పొగ బయటికి పోయే వేగంతో తిరుగుతూ ఇంజనులోకి గాలిని బలంగా తోసే యంత్రం అది, చూడడానికి నత్తగుల్లలా ఉండేది. దాన్ని ఆ చిన్న ఇంజనుకు కూర్చాడు. ఆయుధపూజ రోజు మడివాళ నుంచి ఒక పెద్దమనిషి వచ్చి ఎక్కి చూస్తానన్నాడు. నచ్చితే తన కార్లన్నీ రిపేరుకు మామకే అప్పగిస్తాడు. షెడ్డు బతుకు ఆ ఒక్క సవారీ మీద ఉంది.

నాకప్పుడు పదేళ్ళు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని మామ నాకొక నోటుపుస్తకం ఇచ్చాడు. విప్పిన ప్రతి భాగం పేరూ అందులో రాయాలి, తిరిగి బిగించాక పక్కన టిక్కు పెట్టాలి. పానాతో బిగించడం కళ్ళారా చూడకుండా టిక్కు పెట్టకూడదని ఆయన నియమం.

పండగ ఉదయానికి ఒక్కటే మిగిలింది, టర్బోకి ఆయిలు తీసుకెళ్ళే సన్నటి గొట్టం నట్టు. మామ దాన్ని వేళ్ళతో తిప్పి పెట్టి, మిగతాది షెడ్డులో తనతో పనిచేసే మెకానిక్కు వచ్చి బిగిస్తాడని నాతో చెప్పి స్నానానికి వెళ్ళాడు. ఆ మెకానిక్కు బూడిద గుమ్మడికాయ కోసం సంతకు పోయి ఉన్నాడు.

మా ఇళ్ళలో ఆ రోజు పనిముట్లతో పాటు పుస్తకాలూ పూజలో పెడతారు. పెట్టాక మరునాటి దాకా పానా పట్టకూడదు, అక్షరం రాయకూడదు. అమ్మ నోటుపుస్తకం అడిగింది. పేజీ నిండా టిక్కులు, చివర ఒక్క ఖాళీ. అసంపూర్తి పేజీని దేవుడి ముందు పెట్టడానికి మనసొప్పలేదు. ఎలాగూ బిగిస్తారు కదా అని టిక్కు పెట్టేశాను.

మెకానిక్కు వచ్చేసరికి పానాలన్నిటికీ కుంకుమబొట్లు పెట్టేశారు. నట్టు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. పెద్దమనిషి కూడా చెప్పిన వేళకన్నా ముందే వచ్చాడు. మామ పూజలో తెరిచి ఉన్న పేజీని చూసి, అన్నీ బిగిశాయనుకుని తల ఊపాడు. ఆ నట్టు బిగించలేదని నాకు తెలుసు. నోరు విప్పితే పూజ చెడగొట్టినదాన్నవుతానని ఊరుకున్నాను. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి, వాళ్ళిద్దరితో కారు వెళ్ళిపోయింది.

రైల్వే స్టేషను దారిలో నట్టు ఊడింది. కాలిన టర్బో మీద ఆయిలు చిమ్మి మంటలు లేచాయి. పెద్దమనిషి దూకి బయటపడ్డాడు. మామ ఒట్టి చేతులతో బానెట్టు ఎత్తాడు. కుడిచేతి వేళ్ళు కాలి ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

అందరూ అడిగితే, "నట్టు బిగించేది నేనే మరిచినా" అన్నాడు మామ. వారం తర్వాత ఆసుపత్రిలో ఆయన ఒక్కడే ఉన్నప్పుడు పుస్తకం తీసుకెళ్ళి జరిగినదంతా చెప్పాను. ఆ పేజీ చింపబోయాను. ఆయన ఎడమచెయ్యి పేజీ మీద పెట్టి ఆపాడు.

"చింపద్దు పాపా. టిక్కు మీద గీత కొట్టి, పక్కన 'బిగించలేదు' అని రాయి. రేపు ఎవడన్నా ఈ ఇంజను పనికి దిగితే వానికి తెలియాల గదా."

రాశాను. ఆయన చదివించుకుని, సరే పో అన్నాడు.

ఆయన మళ్ళీ పానా పట్టలేదు. షెడ్డు మూతపడింది, కారు గుజరీకే పోయింది. పెద్దయ్యాక ఫ్యాక్టరీ తనిఖీ విభాగంలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. చూడనిదాని మీద సంతకం పెట్టలేదు. నా సొంత డైరీలో కూడా జరగనిది జరిగినట్టు రాయలేదు.

అమ్మ మాత్రం చివరిదాకా తమ్ముణ్ణి మతిమరుపుతో చెయ్యి పోగొట్టుకున్నోడివి అని దెప్పుతూనే ఉండేది. ఆయన ఎడమచేత్తో అన్నం తింటూ వినేవాడు, నా వైపు చూసేవాడు కాదు. కాగితం మీద తప్పు దిద్దుకున్న నేను ఆ ఇంట్లో అమ్మ మాటను ఒక్కసారీ దిద్దలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆమెకు చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉండిపోయింది.