కాయ ముట్టని చేతులు

కొత్త జిల్లాలు ఏర్పడి అద్దంకి బాపట్ల జిల్లాలోకి వెళ్ళిన ఏడాది, మిరప మొదటి కోత మొదలయ్యే రోజుల్లో, ఒక కాన్సెప్ట్ నోటు రాసే పని నా మీద పడింది. అప్పుడు నేను అద్దంకిలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ప్రోగ్రాం ఆఫీసర్ని. పైన డైరెక్టరు గారు, కింద ఇద్దరు ఫీల్డు వర్కర్లు. మా సైన్యం అంతే.

కాన్సెప్ట్ నోటు అంటే ఏమిటో తెలియనివారికి ఒక మాట చెప్పాలి. నిధులిచ్చే సంస్థలు మొదటే పెద్ద ప్రాజెక్టు రిపోర్టు చదవవు. రెండు పేజీల్లో చెప్పమంటాయి: కష్టం ఏమిటి, ఎవరిది, మీరేం చేస్తారు, చేస్తే ఏం మారుతుంది. అది నచ్చితే పూర్తి ప్రతిపాదన అడుగుతారు. నచ్చకపోతే మీ ఆసక్తికి ధన్యవాదాలంటూ ఒక మెయిలు వస్తుంది. అలాంటి ధన్యవాదాలు నా సర్వీసులో బోలెడన్ని అందుకున్నాను.

ఆ ఏడు బెంగుళూరులోని ఒక ట్రస్టు, వ్యవసాయ కూలీల పసిబిడ్డల సంరక్షణకు నోట్లు పంపమంది. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. మాకు బాగా తెలిసిన ఒక పేటలో ఆడవాళ్ళు ఇంచుమించు అందరూ మిరప కోతకు వెళ్ళేవాళ్ళే. వాళ్ళలో రూతమ్మకు ఆరు నెలల పాప. మొదటి కాన్పు బిడ్డకు చేలోనే కంట్లో కారం పడి, వారం రోజులు కన్ను తెరవలేదట. ఈ పాపకు కూడా అలాంటిది జరిగితే మర్నాటి నుంచే కోత మానేస్తానని రూతమ్మ తెగేసి చెప్పింది. మానేస్తే ఆ ఇంటికి గడవదు. కోతల కాలంలో వచ్చే కూలితోనే వాళ్ళు ఏడాదికి సరిపడా బియ్యం వేసుకుంటారు.

కాబట్టి శ్రద్ధగానే సర్వే చేశాను. మూడు ఆదివారాలు, ఆరాధన అయిపోగానే, చర్చి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తల్లులంతా ఒక్కచోటే దొరికారు. ఉతికిన చీరలు, ఒళ్ళో బిడ్డలు, అడిగినదానికి నిదానంగా జవాబులు. ఇంతకన్నా ఏం కావాలి? ఆఫీసుకొచ్చి నోటు గడగడా రాసేశాను: పేట మధ్యలో పక్కా భవనంలో శిశు సంరక్షణ కేంద్రం, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు వరకు, ఇద్దరు ఆయాలు, గోడల మీద రంగుల బొమ్మలు.

డైరెక్టరు గారికి అది ఎంత నచ్చిందంటే, మార్టూరులో పాలిష్ పట్టించిన గ్రానైట్ శిలాఫలకానికి అప్పుడే ఆర్డరిచ్చేశారు. నోటు ఇంకా మా కంప్యూటర్లోనే ఉంది, ప్రారంభోత్సవం రాయి మాత్రం తయారు! ముఖ్య అతిథి పేరు కోసం కాస్త చోటు వదిలారంతే.

నోటుతోపాటు పది మంది తల్లుల సమ్మతి పత్రం జతచేయాలి. సంతకాల కోసం బుధవారం పొద్దున తొమ్మిదికి పేటకు వెళ్ళాను. ఆదివారం కాని రోజున అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి. ఏ ఇంటికి చూసినా తాళమే. రూతమ్మ అత్త సంతోషమ్మ ఒక్కతే అరుగు మీద మోకాళ్ళకు నూనె రాసుకుంటూ కనబడింది. తల్లులేరీ అని అడిగితే, తెల్లారకముందే ఆటోలెక్కి పోయారంది. మరి పిల్లలేరీ అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"పిల్లలూ ఆళ్ళతోనే పోయారు. నేను ఎత్తుకుంటా, ఉయ్యాలూపుతా. పాలు నేనిస్తానా మేడమ్?"

నా చేతిలో కాగితం చూసి అదేమిటని అడిగింది. చదివి వినిపించాను. ఓపిగ్గా విని, నూనె గిన్నె పక్కన పెట్టింది.

"ఆదివారం వొచ్చి రాసుకుంటే ఎట్టా మేడమ్? ఆదివారం మా బిడ్డలు మా ఒళ్ళోనే ఉంటారుగా!"

సిగ్గుతో చచ్చిపోయాను. నేనూ ఇద్దరు బిడ్డల్ని కన్నదాన్నే, ఇంత చిన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

వాళ్ళు కోస్తున్న చేను ఎక్కడో కనుక్కుని, అటునుంచి అటే వెళ్ళాను. గట్టు మీద తుమ్మచెట్టుకు చీరల ఉయ్యాలలు కట్టి ఉన్నాయి. కింద గోనెపట్టాల మీద మరికొందరు పసివాళ్ళు. వాళ్ళ మధ్య మరియమ్మ అనే పెద్దావిడ కూర్చుని ఉంది. కలిసి కోతకొచ్చే ఆ కూలీల ముఠాలో ఆవిడనొక్కదాన్నే కాయ ముట్టనివ్వరట. పిల్లల్ని ఎత్తుకోవడమే ఆవిడ పని. ఆవిడ కూలి తల్లులే తలా కాస్త వేసుకుని ఇస్తారు.

అంతలో పాప ఏడుపు విని రూతమ్మ చేలోంచి వచ్చింది. చేతులకు మజ్జిగ రుద్దుకుని, సబ్బుతో రెండుసార్లు కడిగింది. అయినా చేతి కారం పోదని బిడ్డను అందుకోలేదు. కూర్చుని రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది. మరియమ్మ తడిగుడ్డతో రూతమ్మ రొమ్ము తుడిచి, పాపను తెచ్చి ఆనించి, పాలు తాగినంతసేపూ తనే పట్టుకుంది. కన్నబిడ్డ మొహం మీద ఈగ వాలినా తోలడానికి రూతమ్మకు చెయ్యి లేదు.

ఏర్పాటు అక్కడ ఉండనే ఉంది. లేనివల్లా నీడ, నీళ్ళు, మరో మనిషి. ఇటు మరియమ్మ ఒకరికి పాలు పట్టిస్తుంటే అటు ఇంకొకడు కాయల రాశి వైపు పాకుతున్నాడు. గాలి తిరిగితే ఆ ఘాటంతా ఉయ్యాలల మీదకే వస్తోంది. రూతమ్మ మొదటి బిడ్డకు కన్ను వాచింది ఇలాగే.

గురువారం పాత నోటు పక్కన పడేసి కొత్తది రాశాను. భవనం లేదు. ముఠాకొక గుడారం, నీళ్ళ డ్రమ్ము, కాయ ముట్టని మనుషులు ఇద్దరు, వాళ్ళకు కూలి. వేళలు కోతవాళ్ళవే. డైరెక్టరు గారు చదివి కళ్ళజోడు తీసేశారు. గుడారానికి ఎవరైనా డబ్బిస్తారా అన్నారు. భవనం కట్టిస్తే కోతల కాలమంతా తాళం వేసి ఉంటుందండీ అన్నాను. నా గొంతు కాస్త పెరిగిన మాట నిజం. చేలో చూసిందంతా చెప్పాక ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివారు. తర్వాత సంతకం పెట్టి, శిలాఫలకం సంగతి తను చూసుకుంటానన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ తల్లుల సంతకాలు, వేలిముద్రలు చేలోనే తీసుకుని, నాలుగున్నరకు నోటు పంపించాను. అందినట్టు మెయిలు వచ్చాకగానీ మంచినీళ్ళు తాగలేదు.

మూడు వారాలకు ట్రస్టు నుంచి ఒక అధికారిణి వచ్చింది. చిన్న వయసు, చురుకైన పిల్ల. నేరుగా చేలోకే తీసుకెళ్ళాను. రాశిలోంచి ఒక కాయ తీసి, తుంచి, వాసన చూసింది. తర్వాత ఉయ్యాలలో పాప నవ్వితే ముచ్చటపడి చేతులు చాపింది. మరియమ్మ చటుక్కున అడ్డం వచ్చి నిలబడింది.

"మీరొద్దమ్మా. కాయ ముట్టారు."

అయిపోయింది, ప్రాజెక్టు గంగలో కలిసింది అనుకున్నాను. ఆ అమ్మాయి తన వేళ్ళు చూసుకుంది. తర్వాత రూతమ్మలాగే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, వంగి పాపతో మాట్లాడింది.

పూర్తి ప్రతిపాదన తర్వాత పంపవచ్చు, రెండు ముఠాలకు ప్రయోగంగా వెంటనే మొదలుపెట్టండని వారంలో కబురొచ్చింది. హమ్మయ్య! రెండో కోతకు గుడారాలు లేచాయి. రూతమ్మ కోత మానలేదు, ఆఖరి కోత దాకా వెళ్ళింది. పాప కళ్ళకు ఏమీ కాలేదు. మార్టూరు రాయిని తిరగేసి మా ఆఫీసు గుమ్మం ముందు మెట్టుగా వేయించారు డైరెక్టరు గారు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం ఎవరి కష్టం గురించి రాయాల్సి వచ్చినా, వాళ్ళు పనిలో ఉన్న రోజు, పనిలో ఉన్న చోటికే వెళ్ళాను. ఇప్పటికీ ఆదివారాలు ఆ పేటకు వెళ్తుంటాను, ఆరాధనకు. సర్వే పుస్తకం మాత్రం పట్టుకెళ్ళను.