పదిమంది అడిగిన మాట

ఆ ఆఫీసులో ఆవిడను అందరూ జల్లెడమ్మ అనేవారు. వేళకు మాత్రలు వేసుకోమని గుర్తుచేసే యాప్ వాళ్ళది. "ఇది పెట్టండి, అది పెట్టండి" అంటూ వాడేవాళ్ళు రాసే కోరికలన్నీ ఆవిడ బల్ల మీదికే వచ్చేవి. పొట్టూ పొల్లూ జల్లించి గింజల్ని పైకి పంపడం ఆవిడ ఉద్యోగం.

నియమం ఒక్కటే, యాప్‌లోనే రాసి ఉండేది. ఒకే కోరిక పదిమంది అడిగితే పెట్టాలి, తొమ్మిదిమంది అడిగితే పెట్టకూడదు. నాలుగేళ్ళలో ఆవిడ ఆ గీత దాటలేదు. సొంత అత్తగారు అక్షరాలు కాస్త పెద్దవి చేయమంటే, "ఇంకో తొమ్మిదిమందిచేత చెప్పించండి అత్తయ్యా" అంది. అత్తగారు భూతద్దం కొనుక్కున్నారు.

ఒక వేసవిలో ఒకే కోరికతో పదకొండు ఉత్తరాలు వచ్చాయి. మాత్ర వేసుకున్నాక యాప్ "ఏమైనా తిన్నారా?" అని పైకి అడగాలట. పదిమంది మాట కదా, జల్లెడమ్మ మురిసిపోయింది. నెల తిరిగేసరికి మీటింగుల్లో, బస్సుల్లో, డాక్టర్ల గదుల ముందు ఫోన్లు గొంతెత్తి "ఏమైనా తిన్నారా?" అని పరామర్శించడం మొదలుపెట్టాయి. జనం దుమ్మెత్తిపోశారు. అయితే తిట్లు వేరు, కోరికలు వేరు. తిట్టినవాళ్ళు వేలమంది, ఆపుకునే వీలు కల్పించమని పద్ధతిగా రాసినవాళ్ళు తొమ్మిదిమంది.

ఆవిడ ఆ పదకొండు ఉత్తరాలూ మళ్ళీ తీసి చదివింది. అన్నిటిలోనూ "తినారా" అని, ఒత్తు లేకుండా ఒకటే తప్పు. పేర్లు పదకొండు, ఫోన్ నంబరు ఒక్కటి.

అడ్రసు కనుక్కుని వెళ్తే, చెప్పుల దుకాణం పైన ఒంటరి గది. తలుపు తీసినాయన ఒకప్పుడు గడియారాలు బాగుచేసిన పెద్దాయన.

"పదకొండు పేర్లెందుకండీ?" అంది జల్లెడమ్మ, నిలబడే.

"పదిమంది అడగాలని మీరే పెట్టారు కదమ్మా. ఒకటి అటూ ఇటూ అవుతుందేమోనని ఇంకోటి రాశాను."

"అది మోసం కాదూ?"

"నేనొక్కణ్ణే అడిగితే పెట్టేవాళ్ళా?"

ఇంతలో బల్ల మీది ఫోన్ "ఏమైనా తిన్నారా?" అంది.

"ఇదిగో, ఇప్పుడే," అని ఫోన్‌కు మర్యాదగా జవాబు చెప్పి, పెద్దాయన లేచి స్టవ్ వెలిగించారు. "నువ్వూ ఓ ముద్ద తిందువుగాని, కూర్చోమ్మా."

మర్నాడు ఆవిడ పై అధికారి గదిలోకి వెళ్ళింది. "వద్దనుకున్నవాళ్ళు ఆ గొంతు ఆపుకునేలా ఒక మీట పెడదామండీ. కావలసినవాళ్ళకు ఉంటుంది."

"ఎంతమంది అడిగారు?"

"తొమ్మిదిమంది."

"మీకు నేను చెప్పాలా?" అన్నాడాయన నవ్వుతూ.

జల్లెడమ్మ తన బల్ల దగ్గరికొచ్చి ఆ తొమ్మిది ఉత్తరాలూ మళ్ళీ లెక్కపెట్టింది. తర్వాత తోడికోడలి పేరు పెట్టి పదో ఉత్తరం రాసింది. ఆ నాలుగు వాక్యాలూ మూడుసార్లు కొట్టేసి రాసింది.

మీట వచ్చింది. వేలమంది ఆ గొంతు నొక్కేశారు. పెద్దాయన మాత్రం ఉంచుకున్నారు.

ఆ ఏడాది చివరి సమావేశంలో అధికారి జల్లెడమ్మను ముందుకు పిలిచి, "నియమానికి కట్టుబడితే పని ఎలా చక్కబడుతుందో ఈవిడను చూసి నేర్చుకోండి," అని చప్పట్లు కొట్టించాడు. ఆవిడ తల దించుకుంది. వినయం అనుకున్నారు అందరూ.