పంజరం చుట్టూ పురుగులు

మా నాయనకు చిత్తూరులో పప్పుదినుసుల అంగడి ఉండేది. ముందు అంగడి, వెనక మేముండే ఇల్లు, రెంటికీ మధ్య ఇరుకు నడవ. గింజలమ్మేవాడికి ఎలుకను మించిన శత్రువు లేదు. బస్తాల వెనక చప్పుడైతే చాలు, నాయన తూకం ఆపేసి వెదురుకర్ర అందుకునేవాడు. ఒక్కటే దెబ్బ. చచ్చినదాన్ని తోక పట్టుకుని వీధి కాలవలోకి విసిరేసి, చేతులు కడుక్కుని మళ్ళీ తూకం దగ్గరికి వచ్చేవాడు. ఆ దెబ్బ చప్పుడు వింటూ పెరిగాను. అన్నం వదిలేసినందుకో, ఎదురు చెప్పినందుకో అదే కర్ర అప్పుడప్పుడూ నా వీపు మీదా పడేది.

అలాంటి ఇంట్లోకి నేను రెండు హ్యామ్‌స్టర్లను తీసుకొచ్చాను. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. తిరుపతిలో డిగ్రీ చివరి పరీక్షలు రాసి హాస్టల్ ఖాళీ చేస్తున్నాం. నా గదిలో ఉండే అమ్మాయి వాటిని మద్రాసులో కొని, వార్డెన్‌కు తెలియకుండా పెంచుకుంటోంది. గుప్పిట్లో ఇమిడేంత ఒళ్ళు, తేనెరంగు బొచ్చు, ఉందో లేదో తెలియని తోక. వాళ్ళింట్లో రానివ్వరని ఏడ్చింది. నేను పంజరం మీద తువ్వాలు కప్పి చిత్తూరు బస్సెక్కాను.

నాయన తువ్వాలెత్తి చూశాడు.

"ఏందిమే ఇది?"

"హ్యామ్‌స్టర్లు నాయనా. కుక్కపిల్లల మాదిరి పెంచుకుంటారు."

"ఎలకలు గదా ఇవి! ఎలకల్ని సాకే అంగడోడు యాడన్నా ఉండాడా?"

"పంజరంలోనే గదా ఉండేది, ఉండనీలే," అంది అమ్మ.

"ఒక్కటి బయటికొచ్చిందా, కర్ర నా సేతిలోనే ఉండాది. సూసుకో."

అలా అన్నాడేగానీ మేత దగ్గర మాత్రం పిసినారితనం చూపలేదు. వెనక గదిలో బస్తాలు విప్పి సద్దలు, జొన్నలు, చెనిగిత్తనాలు (వేరుశనగ గింజలు) కలిపి వారానికోసారి తనే నా డబ్బా నింపేవాడు. పంజరం నడవలో ఒక పాత బల్ల మీద పెట్టుకున్నాను.

ఎండలు ముదిరాక నడవ గోడమీద మొదటి రెక్కల పురుగు కనబడింది. వేలిగోరంత ఉంది. రెక్కలు సగం దాకా బూడిదరంగు, కొసలు రాగిరంగు. చెప్పుతో కొట్టాను. గోడమీద గోధుమరంగు మరక మిగిలింది. మర్నాడు నాలుగు, వారం తిరిగేసరికి లెక్కపెట్టలేనన్ని. మేత డబ్బా మూత తీస్తే గింజలు సన్నటి దారాలతో ఒకదానికొకటి అంటుకుని ముద్దలుగా పైకి లేచాయి. ఆ ముద్దల్లో తెల్లటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. పంజరం మూలల్లో, ఊచల సందుల్లో, పైకప్పు దూలం పక్కన వాటి గూళ్ళు.

నాకు చంపడం అలవాటైపోయింది. పొద్దున లేవగానే చెప్పు తీసుకుని నడవలో తిరిగేదాన్ని. దూలం పక్కన ఉన్నవాటిని కొవ్వొత్తితో కాల్చేదాన్ని. చిటచిటమని పేలి రాలుతుంటే నాకు సంతోషంగా ఉండేది. ఆ సంతోషం నాకే కొత్త.

నాయన మాత్రం ప్రతిరోజూ పంజరమున్న బల్లను కాలితో ఒక తన్ను తన్ని వెళ్ళేవాడు. "ఈ ముండా ఎలకలొచ్చినాకే పురుగు బట్టింది. సరుకంతా పోతాది. పారేస్తావా, నన్ను పారెయ్యమంటావా?"

ఆ గొడవల మధ్యే ఆడది ఈనింది. ఏడు పిల్లలు. చిక్కుడుగింజలంత ఉన్నాయి, ఎర్రగా, కళ్ళు తెరవకుండా. మగదాన్ని వేరే పెట్టెలోకి మార్చాను. పిల్లల్ని కదిలిస్తే తల్లే తినేస్తుందని హాస్టల్ అమ్మాయి చెప్పి ఉండటంతో నాలుగు రోజులు పంజరం శుభ్రం చేయలేదు. తల్లి రంపపు పొట్టు కింద దాచుకున్న చెనిగిత్తనాలు ముక్కిపోయి నూనె వాసన కొట్టడం మొదలైంది.

ఐదో రోజు మధ్యాహ్నం తల్లి కీచుమని అరిచింది. నేను పరిగెత్తేసరికి గోడ పగులునుంచి బల్ల కాలి మీదుగా పంజరంలోకి ఎర్రచీమలు. చారలా కాదు, గుడ్డ పరిచినట్టు. పిల్లలు కనబడలేదు. పిల్లలుండాల్సిన చోట చీమలు కదులుతున్నాయి. చేయి లోపల పెట్టాను. తల్లి నా వేలిని ఎముక దాకా కొరికింది. విదిలించి పిల్లల్ని ఒక్కొక్కటే తీసి నీళ్ళ చెంబులో ముంచి తీశాను. అమ్మ వచ్చి కొంగుతో తుడిచింది. మూడు కదిలాయి. నాలుగు కదల్లేదు. వాటి కళ్ళుండే చోట గుంటలు.

పొయ్యి మీద మరుగుతున్న ఎసరు గిన్నె తెచ్చి గోడ పగుల్లో పోశాను. మళ్ళీ నీళ్ళు కాచాను, మళ్ళీ పోశాను. గుడ్లు మోసుకుంటూ బయటికొస్తున్న చీమల్ని కాళ్ళతో నలిపాను. వేడినీళ్ళు నా పాదం మీదే పడ్డాయి. చర్మం ఊడివచ్చినా నొప్పి తెలియలేదు. అమ్మ వెనకనుంచి నడుం పట్టుకుని లాగింది.

"సాలు. ఇంక సాలమ్మే. అన్నీ సచ్చినాయి."

"చావలేదు, ఇంకా ఉన్నాయి," అని అరిచాను.

పాదానికి వెన్న రాసుకుని కూర్చున్న మూడో రోజు, వీధి చివర టిఫిన్ హోటలు నడిపే ఆయన అంగడికి వచ్చాడు. భుజం మీద రవ్వ బస్తా. అంగడి నిండా జనం.

"ఏమప్పా, ఉప్మాలో పురుగులు తేలితే తినేవోడు ప్లేటు నా మొగాన కొట్టినాడు. ఇట్టాంటి సరుకా నాకు పంపేది?"

"నా సరుకులో పురుగు లేదు. మీ హోటల్లోనే బట్టింటాది."

హోటలాయన ముందుకొచ్చాడు. బస్తా మూతి విప్పి నాయన నెత్తి మీద గుమ్మరించాడు. తెల్లటి రవ్వలో పురుగులు నాయన చొక్కాలోకి, చెవుల్లోకి జారాయి. నాయన తక్కెట్లోని ఇనుప గుండు తీసి విసిరాడు. అది ఆయన భుజానికి తగిలింది. ఆయన నాయన జుట్టు పట్టుకుని గడప రాతికి తలను రెండుసార్లు కొట్టాడు. జనం విడదీసేసరికి నాయన ముఖం మీద రవ్వ, రక్తం కలిసి ముద్ద కట్టి ఉంది.

జనం చూస్తుండగానే నాయన లేచి కర్ర తీసుకున్నాడు. హోటలాయన వైపు కాదు, నడవలోకి వచ్చాడు.

"అంతా నీ ఎలకల వల్లే! లెయ్, పక్కకు లెయ్!"

నేను పంజరాన్ని రెండు చేతులతో కప్పుకున్నాను. మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది ముంజేతి మీద. ఎండుకట్టె విరిగినట్టు వినబడింది. నేను అరవలేదట, అమ్మ తర్వాత చెప్పింది. అరిచింది అమ్మ.

అమ్మ అంగడిలోకి అడుగుపెట్టేది కాదు. జనం ముందు నాయనతో మాట్లాడేది కాదు. ఆ రోజు కొడవలి తీసుకుని వెనక గదిలోకి వెళ్ళి ఒక బస్తాను మెడ పట్టుకుని ఈడ్చుకుంటూ అంగడి మధ్యలోకి తెచ్చింది. పొట్ట మీద ఒక్క కోత కోసింది. గింజలు జారలేదు. దారాలల్లుకుపోయిన గట్టి ముద్దలు ఊడిపడ్డాయి. వాటితోపాటు రెక్కల పురుగులు గుంపుగా లేచి జనం ముఖాల చుట్టూ తిరిగాయి.

"మూతబడిన మిల్లులోంచి ఈ పాత సరుకు తెచ్చినప్పుడే సెప్పినా, పురుగుండాదని. జల్లించి కలిపెయ్యమన్నావు. సంవత్సరం నుంచి జల్లిస్తానే ఉండా. దీంట్లోనివే గదా నువ్వు దాని డబ్బాలో పోసింది? బిడ్డ సేతిని ఇరగ్గొట్టినావే, ఇప్పుడు నన్నూ కొట్టు!"

నాయన కర్ర ఇంకా పట్టుకునే ఉన్నాడు. హోటలాయన దెబ్బ తగిలిన తన భుజం పట్టుకుని బయటికి నడిచాడు. వెళ్తూ నా చేయి చూసి, "ఎముక కట్టించేదానికి పుత్తూరుకు తీసుకపోండబ్బా ముందు," అన్నాడు.

అదే సాయంత్రం నాయన నన్ను పుత్తూరుకు తీసుకెళ్ళాడు. ఆయన తలకు గుడ్డకట్టు, నా చేయి ఒళ్ళో దిండు మీద. బస్సు గుంతలో పడినప్పుడల్లా నా పళ్ళు కరుచుకుపోయేవి. దారిలో ఒకేసారి నోరు తెరిచాడు.

"నొస్తాందా?"

"ఆఁ."

ఇంకేదో అంటాడని చూశాను. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఎముక సరిచేసేటప్పుడు నా తల పట్టుకోమన్నారు. పట్టుకున్నాడు. ఆయన అరచేతులు చెమటకు జారుతున్నాయి. ఆకు పసరు, గుడ్డుసొన పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టారు.

మర్నాడు పాత సరుకంతా బండికెత్తించి ఊరి బయట తగలబెట్టాడు. మంటల్లోంచి పురుగులు లేచి, రెక్కలంటుకుని అక్కడే రాలాయని బండివాడు వచ్చి చెప్పాడు.

కట్టు విప్పేదాకా పంజరం పని అమ్మ చూసింది. బల్ల కాళ్ళు నాలుగూ నీళ్ళ గిన్నెల్లో నిలబెట్టింది. గింజలు ఎండలో ఆరబోసి, వట్టి బాణలిలో వేయించి, మూత బిగుసుకునే స్టీలు డబ్బాలో పోసింది. ఒక పూటకు తినేంతే పెట్టేది. మిగిలితే సాయంత్రమే తీసేసేది. బతికిన మూడు పిల్లలూ పెద్దవయ్యాయి. వాటిలో ఒకదానికి కళ్ళు రాలేదు. అదే అన్నింటికన్నా ఎక్కువ కాలం బతికింది.

హోటలాయన మళ్ళీ మా అంగడిలో సరుకు కొనలేదు. నాయన, ఆయన వీధిలో ఎదురుపడితే చెరో పక్క చూసుకుంటూ పోయేవాళ్ళు.

నా ఎముక బాగానే అతుక్కుంది. నాయన ఆ తర్వాత నా మీద చేయెత్తలేదు. ముసలివాడయ్యాక ఒకసారి నాకు మంచినీళ్ళ గ్లాసు అందించబోయి, నీళ్ళు తొణుకుతుంటే గ్లాసున్న చేయి గబుక్కున పైకెత్తాడు. నేను ముఖానికి మోచేయి అడ్డం పెట్టుకున్నాను. గ్లాసు నేలమీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ నీళ్ళు నేను తాగలేదు.