ఎడమ పక్కన కొంగు

ఆ పొద్దు జొన్నరొట్టె చేస్తున్నాను. ఒక పక్క పలచగా వస్తోంది, రెండో పక్క ముద్దగానే ఉంది. ఎడమచేయి పిండి మీదికే రాలేదని నాకు తెలియలేదు. కోడలు సుజాత చూసి, "అత్తమ్మా, మూతి గట్ల వంకర పోతాందేంది?" అని అరిచింది.

దేవరకొండ నుంచి నల్లగొండ దవాఖానకు తీసుకుపోయారు. సీటీ స్కాన్ చూసిన డాక్టరు, "స్ట్రోక్. మెదడు కుడివైపు దెబ్బతిన్నది" అన్నాడు. మెల్లగా నడక వచ్చింది, చేతికి కొంత పట్టు వచ్చింది. గండం గడిచిందనుకున్నాం.

కానీ పళ్లెంలో రోజూ సగం అన్నం మిగిలేది. "జర తినరాదే, నోటికి రుచిస్తలేదా?" అని మా ఆయన బతిమాలేవాడు. "అయిపోయింది, ఇంకింత పెట్టరేంది?" అని నేను కసిరేదాన్ని. నా కంటికి పళ్లెం నిజంగా ఖాళీయే. సగం కడుపుతోనే లేచేదాన్ని.

రోజువారీ పనులు మళ్లీ నేర్పడానికి దవాఖాన నుంచి వచ్చే ఆక్యుపేషనల్ థెరపీ అమ్మాయి, ఎడమ అంచు కుడివైపుకు వచ్చేలా పళ్లెం తిప్పింది. అన్నం కనబడింది.

"దీన్ని నెగ్లెక్ట్ అంటరమ్మా. నీ కండ్లు మంచిగనే ఉన్నయి. ఎడమ పక్కను మెదడు పట్టించుకుంటలేదు."

ఎడమ మణికట్టుకు ఎర్రదారం కట్టింది. అది కనబడేదాకా తల తిప్పి, ఆ తర్వాతే ఏ పనైనా మొదలుపెట్టమంది. అన్నం తినడం, దువ్వుకోవడం, జాకెట్టు తొడుక్కోవడం అట్లాగే నేర్పింది. "పొయ్యి కాడికి మాత్రం ఇప్పుడే పోవద్దు" అంది.

నేను వింటే కదా! పొయ్యి ముట్టనివ్వకపోతే ఇంట్లో నేనెందుకని రోషం. సుజాత బర్రెల దగ్గరికి పోగానే పొయ్యి వెలిగించాను. రొట్టె కాలుతుండగా మాడు వాసన వచ్చింది. తిరగేశాను. వాసన పోలేదు.

"కొంగు! అత్తమ్మా, కొంగు!"

పరుగున వచ్చిన సుజాత బిందెడు నీళ్లు నా మీద గుమ్మరించింది. కొంగు ఉండేది ఎడమ భుజం మీదే కదా. మంట నాకు కనబడనే లేదు. ఎడమ మోచేయి పైన చర్మం ఊడినా, ఆ పక్క స్పర్శ తగ్గడంతో నొప్పి తెలియలేదు.

పుండు మానాక ఆ అమ్మాయి చల్లటి పెనం మీద మళ్లీ మొదటి నుంచి నేర్పింది. ఇప్పుడు రొట్టెలు నేనే చేస్తున్నాను. కొంగు కుడివైపు నడుములో దోపి, దారం చూసి, అప్పుడు అగ్గిపుల్ల గీస్తాను. సుజాత ఎడమ పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. ఆమె లేనిరోజు పొయ్యి ముట్టించను. ఏదో కనబడడం లేదని నాకు ఇప్పటికీ అనిపించదు. నా భయమంతా అదే.

స్ట్రోక్ వచ్చిన మనిషి సగం అన్నం వదిలేస్తే, ఆకలి లేదని ఊరుకోకండి. పళ్లెం తిప్పి చూడండి. తిప్పాక తింటే, ఆ రోజే డాక్టరుకు చెప్పండి. అగ్గిపెట్టె ఆ మనిషి చేతికి అందకముందే చెప్పండి.