సైకిలు షెడ్డు నర్సమ్మగారు

నర్సమ్మగారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున్నే, ఈమధ్య ఆవిడ ఉంటున్న బాపట్ల నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి, "అక్క నిద్దట్లోనే వెళ్లిపోయిందండి. మీకు తప్పకుండా చెప్పమని ఎప్పుడో చెప్పిపెట్టింది" అన్నారు. "వస్తున్నానండి" అని మాత్రం అనగలిగాను. ఫోన్ పెట్టేసి గుమ్మంలోనే కూర్చుని ఏడ్చాను. దారినపోయేవాళ్లు చూశారు. యాభై దాటిన కామర్స్ లెక్చరర్‌ని, ఒకప్పుడైతే తలుపేసుకుని ఉండేవాణ్ణి. నా సిగ్గు వదిలించింది ఆవిడే. అదెలాగో మీతో చెప్పుకోవాలని ఉంది.

ఆవిడ చెరుకుపల్లి, రేపల్లె వైపు పల్లెల్లో ప్రభుత్వ నర్సుగా పనిచేశారు. ఎండైనా వానైనా సైకిలు మీదే తిరిగారు. రిటైరయ్యాక తెనాలి వచ్చి, మా పేట చివర కాలువ పక్కన మూతపడిన మిల్లు వాళ్లని అడిగి ఒక రేకుల షెడ్డు సంపాదించారు. ఆదివారం పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం దాకా అక్కడ సైకిళ్లు ఊరికే బాగుచేసేవాళ్లం. ఎక్కువగా వచ్చేవి హైస్కూలు ఆడపిల్లలకి ప్రభుత్వం ఇచ్చిన సైకిళ్లు. "సైకిలు మూలపడితే మొదటి వారం పిల్ల నడిచెళ్తుంది సార్. రెండో వారం మానేస్తుంది. నేను చూశానండి" అనేవారు.

నేను అక్కడ చేరింది సేవాభావంతో కాదు. షుగర్ వచ్చింది, సైకిలు తొక్కమన్నాడు డాక్టరు. పాత సైకిలు తీసుకెళ్తే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "చేతులు ఖాళీగానే ఉన్నాయిగా సార్, ఇది పట్టుకోండి" అని పానా చేతిలో పెట్టారు. అంతే, ఇరుక్కుపోయాను.

ఆవిడకి కొన్ని చాదస్తాలుండేవి. ప్రతి సైకిలుకీ ముందూ తర్వాతా మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కునేవారు. "ముందెందుకండీ, ఎలాగూ గ్రీజు అంటుతుందిగా" అంటే, "కడుక్కోకపోతే ఈ చెయ్యి నాదనిపించదు సార్" అనేవారు. ఇంకొకటి, బాగుచేసినవాళ్లు ఆ సైకిలెక్కి వంతెన దాకా వెళ్లొస్తే గానీ సొంతదారు చేతికి ఇవ్వకూడదు. "పల్లెల్లో పిల్లలకి మందు పొయ్యాలంటే తల్లులు భయపడేవాళ్లు. ముందు నా నాలిక మీద ఒక చుక్క వేసుకునేదాన్ని. ఇదీ అంతేనండి."

ఆ నియమం నేను ఒక్కసారి తప్పాను. మూడేళ్ల కిందట ఒక ఆదివారం తొమ్మిదో తరగతి పిల్ల గులాబీ రంగు సైకిలు తెచ్చింది. బ్రేకు వైర్లు మార్చాను. ఎదురుగా టిఫిన్ బండి దగ్గర నా స్టూడెంట్లు ఇద్దరు నిలబడి ఉన్నారు. పొట్టేసుకుని, ముందు బుట్టకి ప్లాస్టిక్ పూలున్న ఆ సైకిలు వాళ్ల ముందు ఎలా తొక్కను? నర్సమ్మగారు లోపల గాలి కొడుతున్నారు. "అయిపోయిందా సార్?" అంది పిల్ల. "అయిపోయిందమ్మా, వెళ్లు" అన్నాను.

వెనక బ్రేకు నట్టు సరిగ్గా బిగించలేదు. వంతెన దిగుడులో వైరు ఊడి, పిల్ల రాళ్లమీద పడింది. మణికట్టు విరిగింది.

కబురు తెలిశాక నర్సమ్మగారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. "నాలుగింటికి రెడీగా ఉండండి, వాళ్లింటికెళ్దాం" అన్నారు. కాలువ అవతలి పల్లె. వాళ్ల నాన్న కౌలు రైతు. ఆవిడ పెద్దమనిషిగా నా తరఫున మాట్లాడతారనుకున్నాను. మంచమ్మీద కూర్చుని, "చెప్పండి సార్" అని ఊరుకున్నారు. ఆవిడ వైపు చూశాను. ఆవిడ కదల్లేదు. చివరికి అంతా చెప్పాను, స్టూడెంట్ల సంగతితో సహా.

ఆయన కేక వెయ్యలేదు. "మీ సిగ్గు కోసం నా పిల్ల చెయ్యి విరగ్గొట్టారా అండీ?" అన్నాడు. తలుపు వైపు తిరిగి, "ఇంక సైకిలూ వద్దు, బడీ వద్దు. చదివింది చాలు" అన్నాడు. తలుపు వెనక కట్టుతో నిలబడ్డ పిల్ల అప్పుడు ఏడ్చింది. అందాకా ఏడవలేదట.

"సైకిలు తొక్కించొద్దులే బాబూ" అన్నారు నర్సమ్మగారు. "కట్టు విప్పేదాకా ఈయన వెనక కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్తారు. నేనూ పక్కనే వస్తాను. కట్టు విప్పాక నీ ఇష్టం." నన్ను మాటమాత్రం అడగలేదు. తిరిగొస్తూ దారిలో స్కూటరుందన్నాను. "స్కూటరెక్కిస్తే దాని భయం దానికి అలాగే ఉండిపోద్ది సార్. దాని సైకిలే బిగించండి, అదే తొక్కండి."

ఆరు వారాలు తొక్కాను. ఆవిడ డెబ్బై ఏళ్ల వయసులో చీర కుచ్చిళ్లు దోపుకుని ముందు వెళ్లేవారు, దారిలో ప్రతి కోడికీ గేదెకీ బెల్లు కొడుతూ. వెనక గులాబీ సైకిలు మీద నేను, క్యారియరు మీద పిల్ల. మొదటి రోజు నా స్టూడెంట్లు నవ్వారు. వారం తిరిగేసరికి "గుడ్ మార్నింగ్ సార్" అని పక్కకి తప్పుకోవడం మొదలుపెట్టారు. వంతెన దిగుడు వస్తే పిల్ల నా చొక్కా గుప్పిట పట్టేది. రోజులు గడిచేకొద్దీ ఆ పట్టు సడలడం నాకు వీపు మీద తెలిసేది. అంత ఊరట నా జీవితంలో మరి దేనికీ కలగలేదు.

మంగళవారం బాపట్లకి ఆ తండ్రీ కూతుళ్లు నాకంటే ముందే వచ్చారు. పిల్ల ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. ఆయన నా పక్కన నిలబడి, "పెద్ద దిక్కు పోయిందండి" అన్నాడు. ఆ మాట నాకూ చెందుతుందని ఆయనకి తెలుసు. నర్సమ్మగారి మొహం చూశాను గానీ, నా కళ్లముందు ఆ మొహం లేదు. పిల్ల కట్టు విప్పిన మర్నాటి పొద్దుటి మొహం ఉంది.

ఆ పొద్దున నేను నా సైకిలు మీద వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాన్న గులాబీ సైకిలు బయటికి తెచ్చి, భుజం మీది తువ్వాలుతో సీటు తుడిచి, పిల్ల ముందు నిలబెట్టాడు. బయల్దేరాం. ఎప్పుడూ ముందు వెళ్లే నర్సమ్మగారు వంతెన మీద కాలు ఆన్చి ఆగిపోయారు. నేనూ ఆగాను. పిల్ల మమ్మల్ని దాటి, దిగుడు దగ్గర ఒక్క క్షణం వెనక్కి చూసింది. ఆవిడ ధైర్యం చెప్పలేదు, చెయ్యి ఊపలేదు. ఆ తొణకనితనం చూసి, ఈవిడకి భయమన్నదే లేదనుకున్నాను.

పిల్ల దిగింది. బ్రేకు కీచుమంది, సైకిలు నెమ్మదించింది. కింద చదునుకి చేరి, వెనక్కి చూడకుండా బడి దారిన వెళ్లిపోయింది. "వెళ్దామా అండీ" అంటూ ఇటు తిరిగాను. ఆవిడ ఆగి ఉన్న సైకిలుకి రెండు బ్రేకులూ నొక్కిపట్టుకుని, వేళ్లు తెల్లబడిపోయి, ఇంకా ఆ దిగుడు వైపే చూస్తున్నారు.