చాకిల్లి మైదానంలో ఏడు వంపులు

మా చాకిల్లి నుంచి రాజధానికి పోయి కచేరీలో కుర్చీ సంపాదించుకున్నవాడు వెహ్బీ ఎఫెందీ ఒక్కడే. ఆ కుర్చీని తనంతట తాను వదిలేసి ఊరికి తిరిగొచ్చినవాడూ ఆయనొక్కడే. చదువుకున్నవాళ్ళని మావాళ్ళు మర్యాదగా ఎఫెందీ అంటారు. ఎందుకు వదిలేశాడని అడిగితే ఆయన ముఖం, పాలలో పురుగు కనబడినవాడి ముఖంలా అయిపోయేది. అక్క సిద్దికాకి తప్ప మొదట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

ఆయన పని పటాలు గీయడం. రైలు మార్గాల సంఘం అని కొత్తగా ఒక కచేరీ పెట్టారు. అందులో పద్నాలుగేళ్ళు చేశాడు. సన్నటి ఉక్కు కలం, పింగాణీ పళ్ళెంలో అరగదీసిన నల్ల సిరా, బిగబట్టిన ఊపిరి. ఆయన గీత గీస్తే మొదలు నుంచి చివరిదాకా ఒకే లావు ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. జీతంలో సగం అక్కకి పంపేవాడు. ఆవిడ వితంతువు, ఊళ్ళో పొలం చూసుకునేది.

ఆయన ఉద్యోగంలో పద్నాలుగో ఏడు, ఎండాకాలంలో, మా మైదానం మీదుగా రైలు వేయాలని బేరాలు మొదలయ్యాయి. వేసేది ఒక విదేశీ కంపెనీ. పెట్టుబడి వాళ్ళ దేశపు బ్యాంకులది. కిలోమీటరుకి ఏడాదికి ఇంత రాబడి ఖాయమని సుల్తాను ప్రభుత్వం మాటివ్వాలి. రైలు అంత తేకపోతే లోటు ఖజానా పూడ్చాలి. ఆ మాటకి పూచీగా దారిలో ఉన్న ఊళ్ళు కట్టే పదో వంతు ధాన్యం పన్ను తాకట్టు. బండి నిండా మనుషులున్నా, ఖాళీగా తిరిగినా కంపెనీకి ఒకటే.

బేరాలు జలసంధి ఒడ్డున, ఒక రాయబారి వేసవి మేడలో జరిగాయి. పటం పట్టుకుని నిలబడడానికి వెహ్బీని తీసుకెళ్ళారు. తీసుకెళ్ళింది సంఘం పెద్ద రిఫ్కీ పాషా. బొద్దుగా, ఎప్పుడూ గులాబీ అత్తరు వాసనతో ఉండేవాడు. ఎదురుగా ఎర్ర మీసాల రాయబారి. ఇద్దరి మధ్య మాటలు మోసేవాడు మొస్యే వెరోనీ, కంపెనీ దుబాసీ. నగరంలోనే పుట్టినవాడు, ఆరు భాషల్లో తియ్యగా మాట్లాడగలడు.

పటం బల్ల మీద పరిచారు. కాసేపటికి భోజనం వచ్చింది. పటం తియ్యాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. దాని మీదే పళ్ళేలు పెట్టారు.

"ఉత్తరంగా పోకూడదట. పక్క చక్రవర్తికి కోపం వస్తుందట," అన్నాడు వెరోనీ.

"అయితే కిందికి జరపండి," అన్నాడు పాషా, చేప ముల్లు పెదాల మధ్య నుంచి లాగుతూ.

"కిందికి జరిపితే రేవు దగ్గరికొస్తుంది. ఆ రేవు ఇంకో రాయబారికి ఇస్తామన్నారు కదా తమరు."

"అన్నామా?"

"పోయిన రంజాన్‌లో అన్నారు పాషా."

"సరే, అది వాళ్ళకే ఉండనీ. వీళ్ళకి మధ్యలోది చాలు."

మధ్యలోది అంటే మేమే. చాకిల్లి, చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళు. పాషా ముల్లుని పళ్ళెం అంచున పెట్టబోతే జారి సరిగ్గా మా ఊరి పేరు మీద పడింది. నూనె మరక కాగితంలోకి ఇంకిపోతుంటే వెహ్బీ చూస్తూ నిలబడ్డాడు. అక్కడ ఎవరు బతుకుతున్నారు, ఏం పండిస్తారు, నీళ్ళు ఎక్కడివి అని ఆ పూటంతా ఒక్కరూ అడగలేదు.

భోజనమయ్యాక కంపెనీ ఇంజనీరు పెన్సిలుతో దారి గీశాడు. కొండల దాకా బాగానే వచ్చింది. మైదానంలోకి దిగగానే పాములా మెలికలు తిరిగింది. వెహ్బీ లెక్కపెట్టాడు. ఏడు వంపులు.

మా మైదానం ఎలాంటిదంటే, మా ఊళ్ళో కుండ బోర్లిస్తే పక్క ఊరికి కనబడుతుంది. గుట్ట లేదు, వాగు లేదు. బయటికి వచ్చాక మెట్ల దగ్గర వెహ్బీ ఉండబట్టలేక అడిగేశాడు.

"పాషా, నేను అక్కడ పుట్టినవాణ్ణి. ఆ వంపులు దేనికి? అడ్డం ఏమీ లేదే."

"నువ్వు పటాలు గీస్తావా, ప్రశ్నలు గీస్తావా?" అని పాషా పడవ ఎక్కేశాడు.

వెనకే వస్తున్న వెరోనీ నవ్వాడు. "మీరింత అమాయకులేంటి ఎఫెందీ! హామీ కిలోమీటరు లెక్కన. దారి ఎంత సాగితే అంత రాబడి. అందుకే మా ఇంజనీరుకి వంపులంటే అంత ముద్దు."

"ఆ భారం పడేది కళ్ళంలో ధాన్యం మీద."

"పడనీయండి. ఆ ధాన్యం మీదా, నాదా?" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఒప్పందానికి జతచేసే అసలు పటం గీసే పని వెహ్బీకే వచ్చింది. మూడు రోజులు కిటికీ దగ్గర కూర్చుని గీశాడు. కొండలు దిగిన చోట కొలబద్ద పెట్టాడు. ఒక్క ఊపున ఈ చివర నుంచి ఆ చివరదాకా తిన్నగా లాగేశాడు. తన జీవితంలో అంత మంచి గీత గీయలేదని తర్వాత అక్కతో చెప్పాడు.

సంతకాల రోజున పాషా ముద్ర వేశాడు, రాయబారి సంతకం చేశాడు. ఇద్దరూ పటం వైపు తలైనా తిప్పలేదు. ఆ సాయంత్రం వెహ్బీ రేవు దగ్గర నువ్వుల రొట్టె కొనుక్కుని, సముద్రం చూస్తూ ఒంటరిగా నవ్వుకున్నాడు.

ఆ నవ్వు అయిదు వారాలే. దారి వెంట గుర్తు కొయ్యలు పాతడానికి బయల్దేరబోతూ ఇంజనీరు పటం విప్పి చూసుకున్నాడు. మర్నాడు వెహ్బీకి పిలుపొచ్చింది. గదిలో పాషా, వెరోనీ. పాషా ముఖం కందగడ్డలా ఉంది.

"ఇది ఎవడి పని?"

"నాదే పాషా. నేల ఎలా ఉందో అలా గీశాను."

వెరోనీకి కోపం రాలేదు. "కంగారు పడకండి. తేడా వస్తే ఒప్పందం ఫ్రెంచి ప్రతిలో ఉన్నదే చెల్లుతుందని నాలుగో షరతులో ఉంది. అందులో కిలోమీటర్లు మా లెక్క ప్రకారమే ఉన్నాయి. పటం ఊరికే శోభకి. కానీ రెండూ కలవకపోతే బాగుండదు కదా."

పాషా కొత్త కాగితం తెప్పించి బల్ల మీద పరిచాడు. "గీయి. ఇక్కడే, నా కళ్ళ ముందు. లేదంటే రేపటి ఓడలో నిన్ను ఎడారి కోటకి పంపిస్తాను. మీ అక్క పొలం కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో కూడా చూడమంటాను."

 వెహ్బీ కూర్చున్నాడు. కలం సిరాలో ముంచాడు. ఒక వంపు, ఇంకో వంపు, ఏడూ గీశాడు.

గీత చెడుతుందనుకున్నాడు. చెడలేదు. పద్నాలుగేళ్ళ అలవాటు. గీత ఎక్కడా లావు మారలేదు. వెరోనీ వంగి చూసి, "అబ్బ, ఎంత అందంగా వచ్చాయో!" అన్నాడు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడు లోపల ఎక్కడో చిన్న సంతోషం కదిలింది. దానికే ఆయనకి తన మీద తనకి రోత పుట్టింది. పాషాని, దుబాసీని అసహ్యించుకోవడం తేలికే. కానీ ఆ సంతోషాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. వీధి కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, కడుక్కుని, గోళ్ళ సందుల్లో సిరా పోక ఊరుకున్నాడు. వారం తిరక్కుండా రాజీనామా ఇచ్చి ఊరికి బండెక్కాడు.

ఆయన వచ్చిన నెలకే కొయ్యలు పాతేవాళ్ళూ దిగారు. పొరుగు రైతు దుర్సున్ పొలాన్ని మొదటి వంపు అడ్డంగా కోసేసింది. దుర్సున్ నేరుగా సిద్దికా ఇంటికొచ్చాడు.

"చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు ఎఫెందీ. ఇటు నుంచి అటు తిన్నగా పోవచ్చుగా. నా పొలంలోకి ఈ మెలిక దేనికి? ఏ తాగుబోతు గీశాడు దీన్ని?"

"నేనే గీశాను," అన్నాడు వెహ్బీ.

 దుర్సున్ గుమ్మం పక్కన ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

సిద్దికా పెరుగు గోధుమ జావ తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది. ఆయన చెంచా ముట్టుకోలేదు.

"తిను. జావ మీద ఎందుకు కోపం?"

"వాడు ఉమ్మాడక్కా."

"ఉమ్మడా మరి? నేనైతే నీ మీదే ఉమ్మేదాన్ని." కూర్చుని గొంతు తగ్గించింది. "నా పొలం కోసం గీశావు, నాకు తెలుసు. పొలం పోయినా నేను బతికేదాన్నిరా. ఒక్క మాట నన్నడిగి ఉండాల్సింది. ఇప్పుడు మూల కూర్చుని ఏడవకు. చెయ్యి ఉంది కదా, దాంతో ఏదో ఒకటి చెయ్యి."

కొన్నేళ్ళకి రైలు వచ్చింది. వారానికి రెండు బండ్లు, రెండూ ఖాళీ. ఒంటెల వాళ్ళు పాత దారినే తిన్నగా పోయి బండి కన్నా ముందు చేరి, స్టేషన్లో చుట్ట కాలుస్తూ దాన్ని వెక్కిరించేవాళ్ళు. కానీ కళ్ళాల దగ్గర మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. పదో వంతు కొలవడానికి ఇప్పుడు సర్కారు మనిషితో పాటు కంపెనీ మనిషీ రావాలి. ఇద్దరూ కలిసి వచ్చేదాకా గింజ ఇంటికి తీసుకెళ్ళడానికి వీల్లేదు. మొదటి ఏడాదే వాళ్ళు వచ్చేసరికి వానలు వచ్చేశాయి. కుప్పలు మొలకెత్తి, నల్లబడి, పులిసిన కంపు కొట్టాయి. కొలిచేవాడు ముక్కుకి రుమాలు కట్టుకుని మంచి గింజల్లోంచే పదో వంతు తీసుకుపోయాడు.

అప్పుడు వెహ్బీ నేల కొలిచే గొలుసు పట్టుకున్నాడు. మొదటి కొయ్య నుంచి చివరి కొయ్యదాకా పట్టాల పక్కనే నడుస్తూ కొలిచాడు. గొలుసు రెండో కొస పట్టుకోవడానికి సిద్దికా వెళ్ళింది. మూడో రోజు దుర్సున్ పిలవకుండానే వచ్చి ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"నీ మీద కోపం పోలేదు," అన్నాడు వెహ్బీతో. "వంగి వంగి అక్కకి నడుం పడిపోతుందని వచ్చాను."

నలభై మూడు రోజులు పట్టింది. వంపుల వల్ల ముప్పై ఒక్క కిలోమీటర్లు ఎక్కువ. అవి చాలక ఇంజన్లు నిలిపే షెడ్ల పక్క పట్టాలు కూడా దారి లెక్కలో కలిపేశారు. అంతా పటంగా గీసి, తాను మొదట గీసింది ఏమిటో, తర్వాత ఎందుకు మార్చాడో ఉన్నదున్నట్టు రాసి, కుళ్ళిన గింజల సంగతీ చేర్చి, పదమూడు ఊళ్ళ పెద్దల ముద్రలు వేయించి అర్జీగా రాజధానికి పంపాడు.

ఆరు నెలలకి వార్త వచ్చింది. రిఫ్కీ పాషాని పదవిలోంచి తీసేశారట. మా ఊళ్ళో గొర్రెని కోశారు. దుర్సున్ వెహ్బీ భుజం మీద చెయ్యి వేశాడు.

తర్వాతి వారం బండిలోంచి ఒకే ఒక్క మనిషి దిగాడు. మొస్యే వెరోనీ.

"ఎఫెందీ! మీ పటం చూసి ఇహ్సాన్ పాషా ముద్దు పెట్టుకున్నంత పని చేశారు," అన్నాడు, సిద్దికా ఇచ్చిన కాఫీ తాగుతూ. "రిఫ్కీని దించడానికి అంతకన్నా మంచి కత్తి దొరకదు. ఆ కుర్చీలో ఇప్పుడు ఇహ్సాన్ పాషా. ఇక్కణ్ణుంచి తూర్పుకి కొత్త శాఖ వేస్తున్నారు. పటాలు గీసేవాళ్ళకి పెద్దగా మీరు రావాలట."

"మీ కంపెనీయేనా వేసేది?"

"అబ్బే, నేను ఆ కంపెనీ వదిలేశాను. ఇది ఇంకో రాయబారి వాళ్ళది. చాలా మర్యాదస్తులు."

"హామీ ఎలా?"

వెరోనీ కప్పు కింద పెట్టాడు. "కిలోమీటరు లెక్కనే. అది వాడుక కదా."

వెహ్బీ లేచాడు. అరవలేదు. దుబాసీ చెయ్యి పట్టుకుని కళ్ళానికి నడిపించుకుపోయాడు. నిరుటి కుప్పల అడుగున మిగిలిన నల్ల ముద్ద ఇంకా అక్కడే ఉంది. ఆ చేతిని మణికట్టుదాకా అందులో దించాడు.

"ఏంటిది! వదలండి!"

"పదో వంతు. ఆ రోజు అడిగారుగా, మీదా నాదా అని. ముట్టుకుని చెప్పండి."

వెరోనీ చెయ్యి లాక్కుని రుమాలుతో రుద్దుకున్నాడు. ముఖం పాలిపోయింది. "మీరు రాకపోతే ఇంకొకడు వస్తాడు ఎఫెందీ. ఇంకొకడు గీస్తాడు."

"గీయనీయండి. నా చెయ్యి మాత్రం గీయదు."

తిరుగు బండి శనివారం గానీ లేదు. ఊళ్ళో ఎవరూ మంచం ఇవ్వలేదు. వెరోనీ మూడు రోజులు స్టేషన్ బల్ల మీదే పడుకుని వెళ్ళాడు. అతను చెప్పినట్టే ఇంకొకడు వచ్చాడు. శాఖకి పదకొండు వంపులు.

అర్జీ వల్ల దక్కింది ఒక్కటే. కోత అయిన పది రోజుల్లో కళ్ళం కొలవాలని ఉత్తర్వు వచ్చింది. సిద్దికా దాన్ని చదివించుకుని విని, "పది రోజులు. అదైనా దక్కింది," అంది. వెహ్బీకి అందులో తృప్తి ఏమీ కనబడలేదు. తను కొలిచిన నలభై మూడు రోజులూ ఒక పాషాని దించి ఇంకో పాషాని ఎక్కించడానికి పనికొచ్చాయన్న వెగటు ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

పొలాల హద్దులు గీసిపెడుతూ బతికాడు. ఉత్తర్వు రెండేళ్ళు నడిచింది. మూడో ఏడు కొలిచేవాళ్ళు మళ్ళీ వానలతోనే వచ్చారు. వెహ్బీ బల్ల దగ్గర కూర్చుని, ఇంకో అర్జీకి పదమూడు ఊళ్ళ పేర్లు వరసగా రాయడం మొదలుపెట్టాడు.